ఆస్టిన్ పెట్స్ అలైవ్ పిల్లుల ఫాస్టర్ ప్రోగ్రాం: ఏ ఇంటికి ఏ పిల్లి సరిపోతుంది

ఏ ఊళ్ళోనైనా, దిక్కులేని జంతువుల్ని ఉంచే ప్రతి షెల్టర్‌లోనూ రెండు రకాల పిల్లులుంటాయి. మొదటి రకం వచ్చిన వారంలోనే ఎవరింటికో వెళ్ళిపోతాయి. రెండో రకం కళ్ళు తెరవని కూనలు, తామర పట్టినవి, లుకీమియా వైరస్ ఉన్నవి, మనిషిని చూస్తే మూలకి నక్కి బుసకొట్టేవి. పంజరాలు నిండినప్పుడు ప్రాణం తీసే జాబితాకి ఎక్కేవి ఈ రెండో రకమే. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో పనిచేసే ఆస్టిన్ పెట్స్ అలైవ్‌ని ఇక్కడివాళ్ళు ఏపీఏ అంటారు. ఈ సంస్థ పనిచేసేది ముఖ్యంగా ఆ జాబితా మీదే. శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా పిల్లిని తమ ఇంట్లో తాత్కాలికంగా పెంచేవాళ్ళే ఫాస్టర్లు. కాబట్టి ముద్దుగా ఉన్న ఒక పిల్లిని ఎంత సులువుగా ఇచ్చారన్నది దీని సేవకి కొలత కాదు. ఆ జాబితాలో ఉన్న పిల్లిని మామూలు ఇంట్లో బతికించి, ఇంకో ఇంటికి చేర్చడానికి ఎంత అండగా ఉంటారన్నదే కొలత.

1997లో పుట్టిన సంస్థ ఇది. 2008లో వెటర్నరీ డాక్టర్ ఎలెన్ జెఫర్సన్ చేతుల్లోకి వచ్చాక దీని తీరు మారింది. సిటీ షెల్టర్‌లో చనిపోతున్నవి ఏ జంతువులో రకాలవారీగా విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో ప్రోగ్రాం పెట్టారు. 2010లో సిటీ కౌన్సిల్ నో-కిల్ ప్రణాళికని, అంటే షెల్టర్‌లో ప్రాణాలు తీయడం మానే ప్రణాళికని, ఆమోదించింది. షెల్టర్‌కి వచ్చిన ప్రతి వంద జంతువుల్లో కనీసం 90 ప్రాణాలతో బయటికి వెళ్ళాలన్న లెక్కని ఆస్టిన్ 2011లో అందుకుంది.

కొత్తవాళ్ళు తరచుగా పొరపడే విషయం ఒకటుంది. లెవాండర్ లూప్‌లో ఉన్నది సిటీ వాళ్ళ ఆస్టిన్ యానిమల్ సెంటర్. ఏపీఏ వేరు, అది ప్రైవేటు నాన్-ప్రాఫిట్. లేడీ బర్డ్ లేక్ పక్కన, వెస్ట్ సీజర్ చావెజ్ వీధిలో, సిటీ వాళ్ళు 2011లో ఖాళీ చేసిన పాత షెల్టర్‌లో నడుస్తోంది. రెండింటికీ దరఖాస్తులు వేరు. ఒకచోట ఫాస్టర్‌గా నమోదైతే రెండోచోట చెల్లదు.

ఇక రకాలవారీగా.

అన్నిటికంటే కష్టమైనవి పాలసీసా కూనలు. టెక్సాస్‌లో వసంతం మొదలవగానే ఇవి వరదలా వస్తాయి, శరత్కాలం దాకా తగ్గవు. తల్లి లేని కూనకి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. మామూలు షెల్టర్‌లో రాత్రి మనుషులుండరు కాబట్టి అక్కడ వీటికి తెల్లారడం కష్టం. ఏపీఏకి విడిగా కూనల నర్సరీ ఉంది, అయినా సీజన్లో అది చాలదు. ఇళ్ళు కావలసింది అప్పుడే.

పుట్టిన కూన సుమారు 100 గ్రాములుంటుంది. రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగాలి, అంటే వారానికి 70 నుంచి 105. దీనికి వంటింటి డిజిటల్ త్రాసు చాలు, కానీ ఒక్క గ్రాము తేడా కూడా చూపించేది కావాలి. రోజూ ఒకే వేళకి, పాలు పట్టేముందు తూచి రాయండి. కూన జబ్బు పడిందని కళ్ళకి కనిపించేసరికి బాగా ఆలస్యమైపోతుంది, త్రాసు మాత్రం ముందురోజే చెబుతుంది. ఒకరోజు బరువు పెరగకపోతే జాగ్రత్తపడాలి. తగ్గితే అదే గంటలో ఫాస్టర్ల ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయాలి, పొద్దున చూద్దాం అనుకోకూడదు.

ఆవుపాలు వద్దు, విరేచనాలు పట్టుకుని ఒక్కరోజులో నీరంతా పోతుంది. కేఎంఆర్ లాంటి కూనల పాలపొడి ఒక వంతుకి గోరువెచ్చని నీళ్ళు రెండు వంతులు. కలిపిన పాలు ఫ్రిజ్‌లో ఒక్కరోజే నిలవుంటాయి. ఒక్కసారికి పట్టాల్సింది 100 గ్రాముల బరువుకి సుమారు 4 మిల్లీలీటర్లు. వేడి మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవాలి. సీసా తలకిందులు చేస్తే పాలు ఒక్కో చుక్కగా రాలాలి. ధార కడితే చనుపీక రంధ్రం పెద్దదైనట్టు, ఆ పీక పారేయండి.

ఇక్కడ మన అలవాటే మనకి అడ్డం వస్తుంది. పసిపిల్లని కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పట్టడం మన చేతులకి తెలిసిన పని. కూనని అలా పడుకోబెడితే పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, న్యుమోనియా వస్తుంది. కూన తల్లి పొట్టకి ఆనుకుని తాగే తీరులో, బోర్లా, నాలుగు కాళ్ళూ తువ్వాలు మీద ఆని, తల కొంచెం మాత్రమే ఎత్తి ఉండాలి. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవాలి.

ఇంకొకటి, చల్లబడిన కూనకి పాలు పట్టకూడదు. ముందు నోట్లో వేలుపెట్టి చూడండి. లోపల చల్లగా ఉంటే దాని పేగులు కదలడం ఆగిపోయాయని అర్థం. ఆకలేసి అరుస్తోందని పాలు పోస్తే అవి అరగక లోపలే పులుస్తాయి. మొదట వెచ్చబెట్టాలి. సాక్సులో పచ్చి బియ్యం పోసి ముడేసి, మైక్రోవేవ్‌లో వేడిచేసి, తువ్వాల్లో చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచితే చాలు. పెట్టెలో సగం మాత్రం వేడి లేకుండా వదలండి, ఎక్కువైతే కూన పాక్కుంటూ అటు పోతుంది. పాలు తాగిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా రాసి మూత్రం పోయించాలి. మూడు నాలుగు వారాలు వచ్చేదాకా వాటంతట అవి పోయలేవు.

పగలు ఆఫీసుకెళ్ళే ఒక్కరు చేయగలిగిన పని కాదిది. ఇంటినుంచి పనిచేసే ఇద్దరుంటేనో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండి వాళ్ళకి ఇష్టముంటేనో తీసుకోండి. లేకపోతే అయిదు వారాల కూనల జతని అడగండి. అవి మలమూత్రాలకి లిట్టర్ బాక్స్ వాడతాయి, తమంతట తాము తింటాయి. సుమారు 550 గ్రాముల నుంచి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి కావలసిన 900 గ్రాములకి చేరడానికి మూడు నాలుగు వారాలు. మొదటిసారి ఫాస్టర్ చేసేవాళ్ళకి ఇంతకంటే మంచి ఆరంభం లేదు. ఒంటరి కూన కంటే జత మేలు. ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఎంత గట్టిగా కొరకచ్చో నేర్చుకుంటాయి, మీ చీలమండలు బతుకుతాయి.

తామర ప్రోగ్రాం ఈ సేవలో మాకు బాగా నచ్చింది. తామర పిల్లిని చంపే జబ్బు కాదు, చర్మం మీద వచ్చే ఫంగస్. అయినా షెల్టర్‌లో ఒక్కదానికి వస్తే గదంతా అంటుకుంటుందని భయపడి దాన్ని ముందే చంపేస్తుంటారు. ఇంట్లో బాత్రూం ఒకటి ఖాళీగా ఉంటే, మందు ఇస్తూ నెలన్నర, రెండు నెలలు ఓపిక పడితే నయమవుతుంది. నోటిమందుతో పాటు వారానికి రెండుసార్లు లైమ్ సల్ఫర్ ద్రావకంతో తడపాలి. ఈ తడపడం మీరే చేయాలా, క్లినిక్కులో చేస్తారా అన్నది పిల్లిని తీసుకునే రోజే అడిగి తేల్చుకోండి. మీరే చేయాల్సి వస్తే మామూలు కొలత గాలన్ గోరువెచ్చని నీళ్ళకి 8 ఔన్సులు. బొచ్చు పైపైన కాదు, చర్మం దాకా తడవాలి. మొహానికి గుడ్డతో అద్దాలి. తర్వాత కడగకూడదు, దానంతట అదే ఆరాలి, ఆరేదాకా గది వెచ్చగా ఉండాలి.

ఆ ద్రావకం కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుంది, అది రెండుగంటల్లో పోతుంది. పోనిది వెండి మీద నలుపు. కాళ్ళ పట్టీలు, మట్టెలు తీసేసి మొదలుపెట్టండి. దేవుడి వెండి కుందులు తోమడానికి అదే బాత్రూంలో పెట్టే అలవాటుంటే వాటినీ మార్చేయండి. తెల్ల తువ్వాళ్ళు పసుపురంగుకి తిరుగుతాయి.

తామర మనుషులకీ అంటుతుంది. ఏడాది రెండేళ్ళ పసివాళ్ళు, కీమో తీసుకుంటున్న పెద్దలు, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ రకం వద్దు. కార్పెట్ ఉన్న గదిలో అసలు వద్దు, దాని బీజాలు నెలల తరబడి బతుకుతాయి. నయమైందన్న మాటకి కంటిచూపు సాక్ష్యం చాలదు. బొచ్చు తిరిగి మొలిచినా కల్చర్ పరీక్షలో ఫంగస్ లేదని తేలేదాకా మిగతా గదుల్లోకి వదలకండి. చాలామంది ఫాస్టర్లు చివరి వారంలో తొందరపడి మళ్ళీ మొదటికి తెచ్చుకునేది ఇక్కడే.

లుకీమియా వైరస్, అంటే ఫెల్వ్, ఉన్న పిల్లుల విషయంలో జనానికి ఉన్నదంతా భయమే. అది మనుషులకి రాదు, కుక్కలకి రాదు. పిల్లి నుంచి పిల్లికి ఉమ్మి ద్వారా, ఒకదాన్నొకటి నాక్కోవడం వల్ల, ఒకే గిన్నెలో తినడం వల్ల వస్తుంది. బయట ఎక్కువసేపు బతకదు, సబ్బునీళ్ళకే చస్తుంది. కాబట్టి ఇంట్లో వేరే పిల్లి లేనివాళ్ళకి ఈ పిల్లి మామూలు పిల్లే. ఆయుష్షు తక్కువన్నది నిజం, ఆ సంగతి అడాప్ట్ చేసుకునేవాళ్ళ దగ్గర దాచకూడదు. కానీ ఆ కొన్నేళ్ళూ అది ఆడుతుంది, తింటుంది, ఒళ్ళో పడుకుంటుంది. చాలా షెల్టర్లలో ఒక్క పరీక్షతో బతుకు ముగిసిపోయే ఈ పిల్లుల్ని ఏపీఏ అడాప్షన్‌కి పెడుతుంది. ఆ ఒక్క కారణానికే ఈ సంస్థకి ఎన్ని మార్కులైనా వేయచ్చు. కూనల్లో పాజిటివ్ వస్తే ఒకటి రెండు నెలలాగి మళ్ళీ చేయించమని తప్పకుండా అడగండి, కొన్నిట్లో ఫలితం మారుతుంది.

బెదురు పిల్లులకి ఒక్కటే మందు, విడిగా ఒక గది. పంజరంలో తిండి మానేసిన పెద్దపిల్లికి రెండు మూడు రోజుల్లోనే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది, అందుకే ఇల్లు దొరకడం దానికి నిజంగా వైద్యమే. చిన్న గది, తలుపు పక్కకి కోసిన అట్టపెట్టె, తిండి గిన్నెకి వీలైనంత దూరంగా లిట్టర్ బాక్స్. మంచం కింద ఖాళీలు మూసేయండి, లేకపోతే మూడు వారాలూ అక్కడే గడుపుతుంది. రోజుకి రెండుసార్లు నేలమీద కూర్చుని, దాన్ని చూడకుండా మీ ఫోన్ చూసుకోండి. చేతిని ముందుకి చాచకుండా, చురూ అనే పిల్లులు నాకే చిరుతిండి ట్యూబు చివర్న చుక్క పిండి పెట్టండి. మూడు రోజులకి తినడం, మూడు వారాలకి బయటికి రావడం, మూడు నెలలకి మీ మనిషి కావడం అన్నది మామూలు లెక్క. ఎప్పటికీ మనిషి చేయి పట్టనివి పొలాలకి, గోదాములకి వెళ్తాయి. అక్కడ కూడా మూడు నాలుగు వారాలు మూసిన చోట ఉంచి అలవాటు చేశాకే వదలాలి.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని. పట్టుచీరల బీరువాలో కలరా ఉండలు పిల్లికి విషం. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరా అంతే. పారాసిటమాల్, అంటే ఇక్కడి టైలెనాల్, ఒక్క మాత్ర చాలు చంపడానికి. పూజకి తెచ్చే పూలగుత్తుల్లో లిల్లీలుంటే వాటి పుప్పొడి నాకినా మూత్రపిండాలు పోతాయి. కుక్కల బొచ్చులో పురుగులకి వాడే ఫ్లీ మందు చుక్క కూడా వేయకండి.

శాకాహారుల ఇళ్ళకి సూటిగా చెప్పాల్సిన మాట: పిల్లికి మాంసం తప్పదు, పప్పన్నంతో, పెరుగన్నంతో అది బతకదు. డబ్బా తెరవడానికి ఇంట్లో అభ్యంతరమైతే గిన్నెలు, చెంచాలు వేరుగా పెట్టి బాల్కనీ వైపు గదిలో సర్దుకున్న ఇళ్ళున్నాయి. సర్దుకోలేకపోతే తీసుకోవద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఫాస్టర్ పిల్లి కూడా పిల్లే. లీజులో పెట్ అడెండం, అంటే పెంపుడు జంతువుల షరతుల కాగితం, ఏమంటుందో ముందు చదవండి, తాత్కాలికమని రాతపూర్వకంగా ఆఫీసుకి చెప్పి డిపాజిట్ మినహాయింపు అడగండి. ఇండియా ప్రయాణం ఉంటే టికెట్ కొన్న రోజే ఏపీఏ ఫాస్టర్ కోఆర్డినేటర్‌కి తేదీలు పంపండి. రేపు విమానం అనగా పంపిన మెయిల్‌తో మళ్ళీ పంజరం పాలయ్యేది ఆ పిల్లే.

ఇల్లు వెతకడంలో సగం పని ఫాస్టర్ చేతిలోనే ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్లి ఇంట్లో ఎలా ఉంటుందో తెలిసింది మీకే. ఫోటో కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, మీరు నేలమీద పడుకుని దాని కంటి ఎత్తులో తీయాలి. నల్లపిల్లికి లేతరంగు దుప్పటి పరచండి, లేకపోతే రెండు కళ్ళే కనిపిస్తాయి. పరిచయంలో "చాలా ప్రేమగల పిల్లి" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "రాత్రి పదింటికి కాళ్ళ దగ్గరికి వచ్చి పడుకుంటుంది, మిక్సీ శబ్దానికి దాక్కుంటుంది, ఎత్తుకుంటే పది సెకన్లు ఊరుకుంటుంది, కుక్కలతో ఎలా ఉంటుందో చూడలేదు" అని రాయండి. చూడనిదాన్ని చూడలేదనే రాయాలి. పిల్లి తిరిగి రావడానికి పెద్ద కారణం దాని గుణం కాదు, దాని గురించి చెప్పిన అబద్ధం.

వచ్చినవాళ్ళని అడగాల్సినవి: మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు, బాల్కనీకి వల ఉందా, ఇంట్లో ఎవరికైనా ఎలర్జీ ఉందా. ఎలర్జీ అనుమానముంటే ఆ మనిషిని పిల్లి గదిలో గంట కూర్చోబెట్టండి. సోఫా గీకితే ఏం చేస్తారనీ అడగండి. గోళ్ళు తీయించడాన్ని ఆస్టిన్ 2021లో నిషేధించింది, కానీ ఆ నియమం సిటీ హద్దుల దాకానే.

ఈ ప్రోగ్రాంకి మేమిచ్చే మార్కులు అయిదుకి నాలుగున్నర. వైద్యం ఖర్చు సంస్థదే, జబ్బుపిల్లిని పట్టుకుని మీరు ఒంటరిగా నిలబడాల్సిన పని లేదు. తగ్గించిన అర మార్కు దూరానికి. క్లినిక్కు నగరం నడిబొడ్డున ఉంది. కూనలకి టీకా రెండు వారాలకోసారి పడాలి, సీడర్ పార్క్, లియాండర్ లాంటి శివార్ల నుంచి మోపాక్ హైవే మీద సాయంత్రం ట్రాఫిక్‌లో వెళ్ళడం పిల్లికీ మీకూ శిక్షే. పొద్దుటి అపాయింట్‌మెంట్ అడగండి, బయల్దేరే ముందు కడుపునిండా తిండి పెట్టకండి, క్యారియర్ మీద పలుచని దుప్పటి కప్పండి.

పిల్లిని కొత్త ఇంటికి పంపే రోజు ఒక సంచీ కట్టండి: తినే తిండి వారానికి సరిపడా, వాడిన లిట్టర్ ఒక గుప్పెడు జిప్ కవర్లో, ఉతకని దుప్పటి ఒకటి. ఆ గుప్పెడు లిట్టర్ కొత్త బాక్సులో కలిపితే మొదటి రాత్రే అది ఎక్కడికి వెళ్ళాలో దానికి వాసన చెబుతుంది.