కొయ్యకాళ్లు: కాల్చాలా, గడ్డి అమ్మాలా, కలియదున్నాలా?

యాసంగి వరి కోసిన మిషన్ రోడ్డెక్కితే చాలు, మా ఊరి చుట్టూ పొగ మొదలవుతుంది. కోశాక మడిలో మిగిలిన కొయ్యకాళ్లకు, అంటే వరి మోళ్లకు, గడ్డికి రైతులే నిప్పు పెడతారు. ఏప్రిల్ చివరి నుంచి మే నెలంతా ఇదే తంతు. ముందు ఒక మడి అంటుకుంటుంది, గాలి మళ్లిందంటే ఒడ్డు దాటి పక్క మడి. పోయినేడు మా పడమటి ఒడ్డు మీదున్న మూడు తాటిచెట్లు అలాగే కాలిపోయాయి. ఎండిన మట్టలు భగ్గుమని, మంట మొవ్వు దాకా ఎక్కింది. వానాకాలం నాట్లు వేసే నాటికి మూడింటి తలలూ వాలిపోయాయి. వాటిని గీసుకుని బతికే అన్న వచ్చి చెట్టు మొదట్లో చాలాసేపు నిలబడ్డాడు. "కాల్చింది మనోడే, ఎవరినని అడుగుదాం" అని వెళ్లిపోయాడు. తాటిచెట్టు గీతకు రావాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది.

కాల్చొద్దని చెప్పడం తేలికే. కానీ కాల్చే రైతు ఎందుకు కాలుస్తున్నాడో చూడకుండా చెబితే వినేవాళ్లు ఉండరు. కొడవలితో నేలమట్టానికి కోసిన రోజుల్లో ఈ సమస్య లేదు. గడ్డి వాముకు చేరేది, వాము పశువులకు, పేడ మళ్లీ పొలానికి. ఇప్పుడు కోత మిషన్ జానెడు పైన కోస్తుంది. కింద కొయ్యకాళ్లు నిలబడే ఉంటాయి, నలిగిన గడ్డి వెనకాల వరుసలుగా పడుతుంది. దాన్ని ఏరే కూలీలు దొరకరు, తినే ఎడ్లు దొడ్లో లేవు.

అలాంటప్పుడు అగ్గిపుల్ల గీస్తే గంటలో మడి శుభ్రం. ఖర్చు లేదు, ట్రాక్టర్ వెనక తిరుగుతూ దున్నే రోటవేటర్‌కు గడ్డి చుట్టుకునే బాధ లేదు. కొయ్యకాళ్లలో దాగిన, వరి కాండం తొలిచే మొగిపురుగు చస్తుందన్న నమ్మకం, బూడిద ఎరువవుతుందన్న నమ్మకం కూడా ఉన్నాయి. ఈ రెండూ పూర్తిగా అబద్ధాలేమీ కావు. పురుగు చచ్చేమాట కొంత నిజమే, అయితే కోసిన వెంటనే దున్నినా ఆ కొయ్యలు పెకిలిపోయి అందులోని పురుగు చస్తుంది. బూడిద సంగతికి కాస్త లెక్క కావాలి.

టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డీ కొయ్యకాళ్లూ కలిపి తక్కువలో తక్కువ రెండున్నర టన్నులు వస్తాయి. అంటే ఎకరా గడ్డిలో 14 కిలోల నత్రజని, 60 కిలోలకు పైగా పొటాష్. యూరియాలో చెబితే 45 కిలోల బస్తాలో మూడింట రెండు వంతులు. పొటాష్ ఎరువులో చెబితే 50 కిలోల బస్తాలు రెండు. పొటాష్ ధర చూసి అర బస్తాతో సరిపెట్టుకునే మనం రెండు బస్తాల సరుకును మడిలో పెట్టుకుని నిప్పు పెడుతున్నాం.

మంట పెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. భాస్వరంలో పావు వంతు, పొటాష్‌లో ఐదో వంతు పోతుంది. మిగతా పొటాష్ బూడిదలో ఉండే మాట నిజమే. అయితే ఆ బూడిద మే నెల సుడిగాలికి ఎంత లేస్తుందో, తొలకరి వానకు కాలువలోకి ఎంత కొట్టుకుపోతుందో పొలం గట్టున నిలబడి చూసినవాళ్లకు తెలుసు. టన్ను గడ్డి కాలితే 3 కిలోల సన్నటి నుసి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 1,460 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయని లెక్కలున్నాయి. ఆ నుసి ముందుగా పోయేది మన ఊపిరితిత్తుల్లోకే. మా ఇంట్లో ఆస్తమా ఉన్న మనిషి ఉంది. మే నెలలో సాయంత్రం ఐదైతే కిటికీలు మూసేస్తాం, ఆ ఉక్కపోతలోనే పడుకుంటాం.

ఇక రెండో దారి, గడ్డి కట్టలు కట్టించి అమ్మడం. ట్రాక్టర్ వెనక తగిలించే బేలర్ వరుసల్లోని గడ్డిని చుట్టి కట్టలుగా పడేస్తుంది. పాల డెయిరీలవాళ్లు, మేతకు కరువున్న ఊళ్లవాళ్లు వచ్చి కొంటారు. చేతికి నాలుగు డబ్బులొస్తాయి, పొగ ఉండదు, ఎండాకాలంలో పశువు కడుపు నిండుతుంది. కాల్చడం కన్నా ఇది నూరు రెట్లు మేలు.

కానీ దీని లెక్క ఎవరూ చెప్పరు. లారీ ఎక్కిన కట్టతో పాటు దానిలోని పొటాష్ కూడా ఊరు దాటిపోతుంది. కాల్చినప్పుడు కనీసం బూడిదైనా మడిలో ఉంటుంది, అమ్మితే అదీ ఉండదు. ఎకరా గడ్డిలో సగమే కట్టల్లో పోయిందనుకున్నా ఒక బస్తా పొటాష్ పోయినట్టే. రెండు పంటలకూ, ఏటా ఇలాగే అమ్ముతూ పోతే నేల సారం పోతుంది. అందుకే గడ్డి అమ్మేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: గడ్డి ఎక్కడికి పోతోందో చూసుకోండి. మీ ఊరి పశువులకే పోతే వాళ్ల దగ్గర పెంట మాట్లాడుకోండి. ట్రాక్టర్ పెంట తిరిగి మడికి చేరితే చక్రం పూర్తవుతుంది. దూరానికి పోతుంటే ఆ వచ్చిన డబ్బుల్లోంచి ఒక బస్తా పొటాష్ ఖర్చు తీసేసి, అప్పుడు లాభం లెక్కేసుకోండి. ఇంకో సంగతి, బేలర్ వరుస గడ్డినే ఎత్తుతుంది, కొయ్యకాళ్లు అలాగే ఉంటాయి. గడ్డి అమ్మేసి, ఆ తర్వాత కొయ్యకాళ్లకు నిప్పు పెట్టేవాళ్లను కూడా చూశాను. రెండు నష్టాలూ వాళ్లవే.

మూడోది కలియదున్నడం. నా మొగ్గు దీనివైపే, కానీ గుడ్డిగా కాదు. మొదటి ఏడాది నేనే దెబ్బతిన్నాను. వానాకాలం వరి డిసెంబర్‌లో కోసి, కొయ్యకాళ్లు దున్ని, నీళ్లు పెట్టి, పది రోజుల్లో దమ్ము చేసి నాట్లు వేశాం. మూడో వారానికి మడి పసుపు పచ్చగా మారింది. పిలక లేదు. మడిలో కాలు పెడితే బుడగలు లేచాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. మొక్క పీకి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేరు నల్లబడి ఉంది. "ఒక అగ్గిపుల్లతో పోయేదానికి ఇంత తంటా ఎందుకురా" అన్నాడు మా పక్క పొలం కాకా. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

జవాబు తర్వాత తెలిసింది. వరిగడ్డి కుళ్లేటప్పుడు దాన్ని తినే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. అవి మట్టిలో ఉన్నదాన్ని ముందు లాగేసుకుంటాయి, మొక్కకు మిగలదు. పైగా నిలవ నీటిలో గాలి అందకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకు పైగా బలమైంది. అంటే తొందరపడి దున్ని నీళ్లు పెడితే పంటకూ చేటే, గాలికీ చేటే. తప్పు దున్నడంలో లేదు, గడువు ఇవ్వకపోవడంలో ఉంది. గడ్డికి కనీసం మూడు, నాలుగు వారాలు కావాలి, అదీ తడి ఉండి నీళ్లు నిలవని మట్టిలో.

అందుకే ఏది మేలన్న ప్రశ్నకు జవాబు కాలాన్ని బట్టి ఉంటుంది. యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో కోస్తాం. మళ్లీ నాట్లు జులైలో. మధ్యలో రెండు నెలలు నేల ఖాళీ. ఇంత గడువు పంజాబ్ రైతుకు లేదు. భూగర్భ జలాలు కాపాడాలని అక్కడ 2009లో తెచ్చిన చట్టం జూన్ 10కి ముందు నాట్లు వేయనివ్వలేదు. దాంతో వరికోత వెనక్కి జరిగి, గోధుమ విత్తడానికి మూడు వారాలైనా మిగలని పరిస్థితి వచ్చింది. వాళ్లకు ఆ ఇరుకు ఉంది. మే నెలలో నిప్పు పెట్టే మనకు ఏముంది?

యాసంగి కోత తర్వాత నేను చేసేది ఇది. వరుస గడ్డిలో పశువులకు కావాల్సింది తీసుకుని మిగతాది మడి అంతా పరుస్తాను. ఒక వాన పడగానే ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) చల్లి రోటవేటర్ కొట్టిస్తాను. మన వ్యవసాయ అధికారులు చెప్పే పద్ధతే ఇది. వాన రాకపోతే, బోరులో నీళ్లుంటే ఒక్క తడి. తర్వాత వీలైతే పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూతకు రాగానే దాన్నీ కలిపేస్తాను. జూన్ చివర్లో పార పెట్టి తవ్వి చూడండి. మేలో తీగలా ఉన్న గడ్డి నల్లగా, వేళ్ల మధ్య నలిపితే పిండయ్యేలా ఉంటుంది. అందులోని కర్బనం చాలామటుకు గాలిలోకే పోతుంది, నిజమే. ఆ మిగిలిన కొంచెమే మన నేలకు కావాలి. అర శాతం సేంద్రియ కర్బనం కూడా లేని మడులు మన దగ్గర కోకొల్లలు.

వానాకాలం పంటకు మాత్రం నా మాట వేరు. నవంబర్, డిసెంబర్‌లో కోసి వెంటనే యాసంగి నాట్లకు దిగేవాళ్లు గడ్డిని బయటికి తీయడమే మంచిది. అది మేతకు పోనీ. మిషన్‌వాళ్లకు చెప్పి వీలైనంత కిందికి కోయించండి. నాలుగు వారాలు గడువున్నవాళ్లు ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన డీకంపోజర్, అంటే గడ్డిని త్వరగా కుళ్లబెట్టే మందు చూడొచ్చు. నాలుగు క్యాప్సూల్స్‌ను బెల్లం, శనగపిండి కలిపిన నీటిలో పెంచితే 25 లీటర్ల ద్రావణం అవుతుంది, రెండున్నర ఎకరాలకు సరిపోతుంది. దానికీ 25 రోజుల వ్యవధి, మట్టిలో తేమ కావాలి. చల్లిన వారానికే దమ్ము చేసి మందు పనిచేయలేదనుకుంటే లాభం లేదు.

చెప్పాల్సింది ఒకటి మిగిలింది. మా దగ్గర కాలుస్తున్నవాళ్లలో కౌలు రైతులు చాలామంది. వచ్చే ఏడాది ఆ మడి తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు, నాలుగేళ్లకు ఫలితమిచ్చే మట్టి కోసం ట్రాక్టర్ కిరాయి ఎందుకు పెట్టుకుంటాడు? నేల బాగుపడితే బాగుపడేది పట్టాదారే. అందుకే పోయినేడు మా రెండెకరాలు కౌలుకిచ్చినప్పుడు యాసంగి కోత తర్వాత దున్నించే ఖర్చు మేమే పెట్టుకుంటామని, కాల్చొద్దని ముందే మాట్లాడుకున్నాం. మేలో ఆ కౌలు రైతు ఫోన్ చేసి, "అన్నా, మిషన్ పోయింది, ట్రాక్టర్ పంపు" అన్నాడు. పంపించాం. ఆ రెండెకరాల ఒడ్డు మీద ఇంకా ఐదు తాటిచెట్లున్నాయి.