ఆరేళ్లు బరువు మోసిన ప్లైవుడ్ అరలు

ఇంటి వర్క్‌షాపులో నా చేత్తో చేసుకున్న రెండు ప్లైవుడ్ స్టాండ్లకు ఆరేళ్లు నిండాయి. ఒకటి చేసిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. రెండోదాని అరలు మధ్యలో ఊయలలా కిందికి దిగాయి.

సరుకులో తేడా లేదు. రెండింటికీ వాడింది 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డే. మొదటిదానికి నిలువు పలకల మధ్య దూరం 600 మిల్లీమీటర్లు పెట్టాను. రెండోదానికి ఒక పలక మిగుల్చుకుందామని 900 చేశాను. అక్కడే దెబ్బతిన్నాను. అరంతా ఒకే తీరున బరువు పేరిస్తే, దూరం ఒకటిన్నర రెట్లు పెరిగేసరికి వంపు ఐదు రెట్లవుతుంది. మందం కూడా ముఖ్యమే, 12 నుంచి 18కి వెళ్తే గట్టిదనం మూడు రెట్లు దాటుతుంది. కానీ దూరం తగ్గించుకోవడమే చవక.

మోసం ఏమిటంటే, మొదటి నెలలో స్కేలు ఆనించి చూస్తే అంతా చదునుగానే ఉంది. దించకుండా ఉంచిన బరువు కింద చెక్క ఏళ్ల తరబడి మెల్లగా కుంగుతూనే ఉంటుంది. మేకుల డబ్బాలన్నీ దించేశాక కూడా వంపు పూర్తిగా పోలేదు. తెలివిగా ఒక అరను తిరగేసి బిగించాను, కొన్నాళ్లకు అది ఇటువైపూ వంగింది!

అన్నిటికన్నా ఎక్కువ కుంగింది ముక్క వృథా కాకూడదని అడ్డంగా కోసిన అర. పై పొరలో కనిపించే చెక్క నార గీతలు అర పొడవునా సాగాలి, దీంట్లో అవి అడ్డంగా పడ్డాయి. వంపును ఆపే పని ఎక్కువగా చేసేది పైనా కిందా ఉన్న పొరలే.

చివరికి ముందు అంచుకు 40 మిల్లీమీటర్ల వెడల్పున్న ప్లైవుడ్ బద్దను నిలువుగా, జిగురూ స్క్రూలూ వేసి బిగించాను. అర గట్టిదనం రెట్టింపు దాటింది. మొదట్లోనే చేసి ఉండాల్సిన పని.

అతుకుల విషయానికొస్తే, మొదటి స్టాండులో 6 మిల్లీమీటర్ల లోతు గాడి తీసి అరలు దింపాను, ఒక్కటీ కదల్లేదు. రెండోదాంట్లో నిలువు పలక బయటినుంచి అర అంచులోకి స్క్రూలు ఎక్కించాను. ముందుగా సన్నటి రంధ్రం వేయనిచోట పొరలు విచ్చుకున్నాయి. వెనక 6 మిల్లీమీటర్ల పలక కొట్టేదాకా స్టాండు పక్కలకు ఊగుతూనే ఉండేది. రెండింటినీ గోడకు బిగించాను, అందులో బేరాల్లేవు.

గాడుల్లో అతికించిన స్టాండు మీద ఒకే ఒక ఫిర్యాదు ఉంది. అరలు ఎత్తు మార్చడానికి వీల్లేదు. తర్వాత కొన్న డ్రిల్లు పెట్టె రెండు సెంటీమీటర్ల తేడాతో పట్టలేదు, ఇప్పటికీ నేలమీదే ఉంది.