మోతియా అత్తరు: మొదటి పావుగంట చూసి తిరిగి ఇచ్చేయకండి

చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో 'మోతియా' అని అడిగితే ఇచ్చేది మన మల్లెపూల అత్తరే. కొన్నేళ్లుగా వాడుతున్నాను. జడలో పెట్టుకున్న మల్లెదండ వాసన సీసా మూత తీయగానే గుప్పుమంటుందని ఆశపడితే మాత్రం నిరాశే.

గాజుపుల్లతో మణికట్టు మీద చుక్క పెట్టగానే పచ్చి ఆకు నలిపినట్టు, కాస్త మందుల ఘాటుతో ఉంటుంది. చాలామంది ఇక్కడే మొహం చిట్లిస్తారు. రుద్దకుండా వదిలేయండి. ఒంటి వేడి తగిలి ఘాటు దిగాక, సాయంత్రం అప్పుడే విచ్చుకుంటున్న మొగ్గల వాసన మొదలవుతుంది. ఆ గంటా రెండు గంటల కోసమే నేను దీన్ని కొనేది. తియ్యగా ఉన్నా వెగటు పుట్టదు. అడుగున, రాత్రంతా తల్లో నలిగిన పూల మగ్గిన వాసన పలచగా తగులుతుంది. మల్లెలో సహజంగా ఉండే ఇండోల్ అనే పదార్థం చేసే పని అది. కొందరికి నచ్చదు గానీ, అది లేని మల్లె నాకు రూమ్ ఫ్రెషనర్‌లా అనిపిస్తుంది.

పొద్దున రాసుకుంటే సాయంత్రానికి మల్లె పోయి గంధం మిగులుతుంది. అత్తర్లకు పేరున్న ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పాత పద్ధతిలో పూలను నీళ్లతో డేగ్ అనే రాగి బానలో కాచి, ఆవిరిని గంధపు నూనె పోసిన భప్కా అనే పాత్రలోకి పంపుతారు. కొత్త పూలు వేస్తూ అదే నూనెకు రోజుల తరబడి వాసన పట్టిస్తారు. గంధం ధర మండిపోయాక చాలా అత్తర్లలో దాని బదులు లిక్విడ్ పారఫిన్ లాంటివి వచ్చేశాయి. 'అసలు సరుకే' అని ఓ దుకాణంలో అంటగట్టింది గంటలోపే జిడ్డు మిగిల్చి మాయమైంది. అందుకే ముందు చేతికి రాయించుకుని, బజారంతా తిరిగొచ్చి అప్పుడు డబ్బులివ్వండి. ఎడమ చేతికే సుమా, మధ్యలో బిర్యానీ తినాలిగా!

వేసవిలో బాగా పలుకుతుంది. చలికాలం, ఏసీ గదిలో ముడుచుకుపోతుంది. పొడి చర్మం మీద తొందరగా పోతుంది కాబట్టి ముందు వాసనలేని క్రీమ్ రాసుకుంటాను. కొబ్బరినూనె వద్దు, దాని వాసన మల్లెను మింగేస్తుంది. తెల్లచీర మీద పడితే నూనె మరక ఖాయం. పక్కన కూర్చున్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు, పెళ్లిలో నలుగురూ అడగాలంటే ఇది పనికిరాదు. చుక్క చాలు కాబట్టి 3 మిల్లీలీటర్ల సీసానే చాలాకాలం వస్తుంది. అయిపోతే మళ్లీ మోతియానే తెచ్చుకుంటాను, అదీ గంధపు నూనెతో చేసినదైతేనే.