బాదం ఆకు అచ్చున్న ప్లేట్లు: కొన్నేళ్లు వాడాక నా మాట

మా ఇంట్లో కొన్నేళ్లుగా చేత్తో చేసిన స్టోన్‌వేర్ ప్లేట్లలోనే, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చిన మట్టి ప్లేట్లలోనే, అన్నం తింటున్నాం. మాదాపూర్ శిల్పారామం మేళాలో కొన్నాం. తడి మట్టి పలక మీద బాదం ఆకు పెట్టి ఒత్తితే ఈనెలన్నీ అచ్చు పడతాయి. హైదరాబాద్‌లో ఏ కాలనీలోనైనా రోజూ ఊడ్చి పారేసే ఆకే అది. ఎర్రబడి రాలిన ఆ ఆకుల్ని ఇప్పుడు ఆగి మరీ చూస్తున్నాను.

స్టోన్‌వేర్‌ని దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్‌లో, ఆపైన కాలుస్తారు. ఆ వేడికి మట్టి గట్టిపడి నీరు పీల్చుకోవడం దాదాపు మానేస్తుంది. పచ్చిపులుసు, ఆవకాయ నూనె, పసుపు, ఏవీ మరక వదల్లేదు. పెరుగుకి మాత్రం కుమ్మరి ముంతే మేలు. తక్కువ వేడిలో కాలిన ముంత నీరు లాగేస్తుంది కాబట్టి పెరుగు గట్టిగా వస్తుంది. గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉన్న గిన్నెలో ఆ గట్టిదనం రాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. గ్లేజు పలచగా పడిన ప్లేటులో పప్పు ఈనెల్లో ఇరుక్కుంటుంది, వెంటనే నానబెట్టకపోతే బ్రష్ పట్టాల్సిందే. కొనేటప్పుడు ఈనెల మీద గోరు గీసి చూడండి, గోరు తట్టుకోకుండా జారాలి. మెరుపు లేని గ్లేజు మీద స్టీలు చెంచా బూడిద రంగు గీతలు పెడుతుంది. అవి గాట్లు కావు, అంటుకున్న లోహమే. వంటసోడా ముద్దతో రుద్దితే చాలావరకు పోతాయి. బోరు నీళ్ల తెల్లమచ్చలకి నిమ్మచెక్క చాలు. అడుగున గ్లేజు లేని అంచు గరుకుగా ఉండి టేబుల్ మీద గీతలు పడ్డాయి. తడి ఎమెరీ పేపర్‌తో రుద్దాక ఆ సమస్య లేదు.

ఒక గిన్నెలో కొన్ని నెలలకి వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు కనిపించాయి. మట్టి కంటే గ్లేజు ఎక్కువ కుంచించుకుంటే అలా అవుతుంది. అందులో పచ్చళ్లు పెట్టడం మానేసి, అరటిపళ్లు పెడుతున్నాం.

పులుపు ఎక్కువ తినే ఇళ్లు మనవి. అందుకే గ్లేజులో సీసం లేదని చేసినవాళ్లని సూటిగా అడగండి. సీసం ఉంటే చింతపండు, నిమ్మ పులుపుకి కూరలోకి దిగుతుంది. జవాబు తడబడితే, ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

బరువు మాత్రం నిజమైన లోపం. అమ్మకి వేళ్ల నొప్పులు, నాలుగు ప్లేట్లు ఒకేసారి ఎత్తలేదు. ఆమె చిన్న గిన్నెలోనే తింటుంది, అది అరచేతిలో చక్కగా కుదురుకుంటుంది. నన్నడిగితే మొదట కొనాల్సింది ఆ గిన్నెలే. ప్లేట్లు తర్వాత, అదీ రెండేసి చొప్పున.