యూఎస్‌డీఏ సర్వీస్ సెంటర్: ముందు ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో తెలిస్తే సగం పని అయినట్టే

అమెరికాలో పల్లె కౌంటీల్లో పొలం కొన్నవాళ్లయినా, కౌలుకి తీసుకున్నవాళ్లయినా ఫెడరల్ సాయం కోసం వెళ్లాల్సిన చోటు యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) సర్వీస్ సెంటర్. ఫార్మర్స్ డాట్ గవ్‌లో కౌంటీ పేరు కొడితే అడ్రసు, ఫోన్ నంబరు వస్తాయి. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకునే వెళ్లండి. సిబ్బంది పొలాల మీద ఉన్న రోజున వెళ్తే తిరిగి రావడమే.

ఒకే కప్పు కింద సాధారణంగా రెండు ఆఫీసులు ఉంటాయి. రికార్డులు, అప్పులు, పంట నష్టం ఎఫ్‌ఎస్‌ఏ (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) చూస్తుంది. నేల, నీరు, కంచె, కవర్ క్రాప్ (నేలని కాపాడటానికి వేసే పైరు), హై టన్నెల్ (లోపల పంట వేసే ప్లాస్టిక్ కప్పు గుడారం) ఎన్‌ఆర్‌సీఎస్ (నేల, నీటి సంరక్షణ చూసే విభాగం) పని. హై టన్నెల్ కోసం వచ్చినవాళ్లు నేరుగా రెండో బల్ల దగ్గరికి వెళ్తారు. అక్కడ మొదటి ప్రశ్న 'ఫార్మ్ నంబర్ ఉందా?' మీ పొలానికి ఆ నంబర్ ఇచ్చేది ఎఫ్‌ఎస్‌ఏ. అందుకే ముందు అక్కడికే వెళ్లాలి. దస్తావేజు లేదా కౌలు పత్రం, గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబర్, ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) పేరున సాగు చేస్తుంటే దాని కాగితాలు పట్టుకెళ్లండి.

అక్కడ నింపేవాటిలో రెండు ఫారాలు ముఖ్యం. ఏడీ-1026: కోతకు గురయ్యే నేలనీ, చిత్తడి నేలనీ పాడుచేయనని ఇచ్చే హామీ. సీసీసీ-941: ఆదాయ పరిమితికి సంబంధించింది. మూడేళ్ల సగటు సాధారణంగా 9 లక్షల డాలర్లు దాటకూడదు. దీన్ని ఐఆర్‌ఎస్ (ఆదాయపు పన్ను శాఖ) రికార్డులతో సరిచూస్తారు. మన పేర్లతో చిక్కు ఇక్కడే. దస్తావేజులో ఇంటిపేరు ముందు, టాక్స్ రిటర్న్‌లో చివర ఉంటే ఫైలు ఆగిపోవచ్చు. రిటర్న్‌లో ఉన్నట్టే రాయండి.

నంబర్ వచ్చాక మ్యాపు, 156ఈజెడ్ అనే కాగితం (పొలం రికార్డు వివరాలు) ప్రింటు అడిగి తీసుకోండి. మ్యాపులో ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద ఒక్కో చెక్కకీ గీత, నంబరు, ఎకరాలు ఉంటాయి. దాని మీద గుండ్రటి చుక్క ఉంటే చిత్తడి నేల, ఆంక్షలు ఉన్నట్టు. తలకిందుల త్రికోణం ఉంటే పరిమితమైన ఆంక్షలు. చతురస్రం ఉంటే మినహాయింపు. చుక్క ఉన్న చోట మురుగు కాలువ తవ్వే ఆలోచన ఉంటే ముందు అడగండి. అడక్కుండా తవ్వి అక్కడ పంట వేయగలిగేలా చేస్తే, మిగతా పొలానికి వచ్చే సాయం కూడా పోవచ్చు.

ఎన్‌ఆర్‌సీఎస్ పథకాల్లో కొత్తవాళ్లకి పనికొచ్చేది ఈక్విప్ (సంరక్షణ పనుల ఖర్చులో వాటా ఇచ్చే పథకం). దరఖాస్తు ఏడాది పొడవునా తీసుకుంటారు కానీ, ఎంపిక కోసం రాష్ట్రానికో గడువు ఉంటుంది. దాటితే తర్వాతి విడతే. ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. సాగు మొదలుపెట్టి పదేళ్లు దాటనివాళ్లకి 90 శాతం దాకా వస్తుంది, సగం ముందుగా కూడా అడగవచ్చు. ఆ ముందస్తు డబ్బు 90 రోజుల్లో ఖర్చు చేయాలి. ఇచ్చేది మీ బిల్లు చూసి కాదు, అడుగుకి ఇంత, ఎకరాకి ఇంత అని ముందే కట్టిన రేటు. మీ బిల్లు ఎక్కువైతే మిగతాది మీ చేతి నుంచే.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు: కాంట్రాక్టు మీద సంతకాలు కాకముందే పని మొదలుపెట్టడం. కంచె స్తంభాలు పాతేశాక అప్లికేషన్ పెడితే ఆ పనికి డబ్బు రాదు. అమ్మేవాడు 'ఈ వారమే డిస్కౌంట్' అన్నా ఆగండి. కౌలు భూమిలో శాశ్వత కట్టడాలకి యజమాని రాతపూర్వక అంగీకారం కూడా కావాలి. కంచె అయితే 20 ఏళ్లు నిలబెట్టే బాధ్యత ఉంటుంది.

సేవ ఎలా ఉంది అంటే, సలహాకి పైసా తీసుకోరు, పొలానికి వచ్చి చూస్తారు. ఆ విషయంలో ఇంతకన్నా మంచి చోటు లేదు. లోటు వేగంలో ఉంది. నెలలు పడుతుంది, కొన్ని విడతల్లో డబ్బు చాలదు. వెళ్లిన ప్రతిసారీ 'రసీట్ ఫర్ సర్వీస్' అడగండి. ఏ రోజు ఏం అడిగారు, వాళ్లేం చెప్పారు అన్నది కాగితం మీద ఉంటుంది. దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలుకి సాధారణంగా 30 రోజులే గడువు.

బెండ, సొర, కాకర లాంటివి వేసేవాళ్లు, పంటల బీమా దొరక్కపోతే, ఎఫ్‌ఎస్‌ఏలో ఎన్‌ఏపీ (బీమా దొరకని పంటల నష్టానికి సాయమిచ్చే పథకం) గురించి తప్పక అడగండి. నష్టం కనిపించిన 15 రోజుల్లో తెలియజేయాలి. చేత్తో కోసే, త్వరగా పాడయ్యే పంటలకి మాత్రం 72 గంటలే.