బీరు కాచే కెటిల్ కొనేవారికి హెచ్చరిక: వోర్ట్ పోయకముందే నీళ్లతో పరీక్షించండి

304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్, 40 లీటర్ల సామర్థ్యం, అడుగు దగ్గర కుళాయి, పక్కన థర్మామీటర్, లోపల లీటర్ల గీతలు అన్న ప్రకటన చూసి నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కెటిల్ విషయంలో ఆ మాటల్లో సగానికి సగం అబద్ధమని తేలింది. లోపాలన్నీ మొదటిసారి వోర్ట్ (మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీళ్లలో నానబెట్టి తీసే తీపి రసం, ఇది పులిస్తేనే బీరు) పోసి కాచాక బయటపడ్డాయి. అప్పటికి అమ్మినవారు, ఆహారపదార్థం పోసి వాడిన పాత్రను వెనక్కి తీసుకోబోమన్న షరతు చూపించి చేతులు దులుపుకున్నారు. ఇంట్లో బీరు తయారుచేసుకోవడానికి కెటిల్ కొనబోతున్నవారికి ఇదే జరగకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

పాత్ర చూడటానికి అద్దంలా మెరుస్తుంది. లోపమంతా కుళాయి బిగించిన చోట ఉంది. కుళాయిని విప్పి చూస్తే సిలికాన్ వాషరు కింద, రంధ్రం అంచు చుట్టూ, నెలవంక ఆకారంలో నారింజరంగు తుప్పు కనిపించింది. రంధ్రం కోసిన తర్వాత అంచును నునుపు చేయకుండా వదిలేశారు కాబట్టి ఆ గరుకుకు వాషరు ఒక పక్క చీరుకుపోయి, మరిగే వోర్ట్ ఆ సందులోంచి చెమర్చి, బయటి గోడ మీదుగా జారి మంట మీద మాడింది. లోపలి వైపు నట్టుకు అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది, గోరుతో గీకితే పైపూత పెచ్చులుగా ఊడింది. అంటే అది స్టెయిన్‌లెస్ స్టీలే కాదు, పూత వేసిన మామూలు ఉక్కు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. వోర్ట్ కొంచెం ఆమ్లగుణం కలది, పీహెచ్ సాధారణంగా 5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. గంటసేపు అందులో ఉడికిన ఇనుము కరిగి బీరులో దిగితే నాలుకకు నెత్తురు రుచి తగలడమే కాకుండా బీరు త్వరగా పాతబడుతుంది, మసక కూడా పట్టవచ్చు.

అయస్కాంత పరీక్షను గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకానికి అయస్కాంతం దాదాపుగా అతుక్కోదు, మడత పెట్టిన మూలల దగ్గర మాత్రం కాస్త లాగవచ్చు. నికెల్ లేని 430 రకానికి గట్టిగా అతుక్కుంటుంది. అయితే ఖరీదైన నికెల్‌ను చాలావరకు తగ్గించి ఆ స్థానంలో మాంగనీసు కలిపే 201 రకానికి కూడా అయస్కాంతం అతుక్కోదు, కనుక అతుక్కోనంత మాత్రాన అది 304 అని నమ్మడానికి వీల్లేదు. ఇండక్షన్ పొయ్యికి పనికొచ్చే కెటిల్ అడుగుకు అయస్కాంతం అతుక్కోవడం మాత్రం సహజమే. పాత్ర ఏ గ్రేడో, కుళాయి, నట్టు, లోపలి గొట్టం ఏ గ్రేడో విడివిడిగా రాతపూర్వకంగా అడగండి. జవాబు దాటవేసేవారి దగ్గర కొనకపోవడమే మేలు. దొంగ స్టీలు కంటే నిజాయతీగా అల్యూమినియం అని చెప్పి అమ్మే పాత్రే నయమని నా అభిప్రాయం. అది వేడిని ఎన్నో రెట్లు బాగా పంచుతుంది, కాస్టిక్ సోడా లాంటి క్షారాలతో తోమకుండా ఉంటే చాలు.

ఇక కొలత సంగతి. లీటరు కొలపాత్రతో నీళ్లు పోస్తూ పోతే, నా కెటిల్‌లో 20 అని గీసిన గీతను 18 లీటర్లకే నీరు తాకింది. 40 లీటర్లన్న సామర్థ్యం కూడా అంచు దాకా, పొర్లిపోయేంతగా నింపితేనే. 19 లీటర్ల బీరు కావాలంటే గంటలో ఆవిరయ్యే 3, 4 లీటర్లు, అడుగున మడ్డితో పోయేది, చల్లారాక తగ్గే 4 శాతం కలుపుకొని 25 లీటర్ల దాకా వోర్ట్‌తో మొదలుపెట్టాలి. మరుగు పట్టే వేళ నురగ పాలపొంగులా ఒక్కసారిగా లేస్తుంది, దానికీ చోటుండాలి. మాల్ట్‌ను సంచిలో వేసి అదే కెటిల్‌లో నానబెట్టేవారికి గింజలు ఆక్రమించే స్థలం, పీల్చుకునే నీరు అదనం. వారికి 40 లీటర్లు నిజంగా 40 లీటర్లుగానే ఉండాలి.

విద్యుత్ కెటిళ్ల ప్రకటనల్లో దాగే లోపం వేరు. 27 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 1500 వాట్ల హీటరుకు, ఒక్క పిసరు వేడి కూడా వృథా కాకపోయినా, 100 నిమిషాలు పడుతుంది. మూత తీసిన పాత్రలో అంతకంటే ఎక్కువే. ఆ తర్వాత కూడా అది కుతకుతలాడుతుందే తప్ప తెర్లి మరగదు. గట్టిగా మరగక, లేత రంగు మాల్ట్ నుంచి పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థం ఆవిరిగా పోకపోతే బీరు ఉడికించిన మొక్కజొన్న వాసన వేస్తుంది. కాబట్టి లీటర్లతో పాటు వాట్లు కూడా చూడండి.

థర్మామీటరు నాలుగు డిగ్రీలు తప్పు చూపింది, దాన్ని సరిచేసుకోవచ్చు. కుళాయిని మాత్రం ఉపేక్షించకూడదు. నాకు వచ్చింది రెండు ముక్కల బాల్ వాల్వ్, అంటే లోపలి గుండును తిప్పితే తెరుచుకునే కుళాయి. దాని గుండు వెనక చేరిన తీపి వోర్ట్ కడిగినా పోదు, గోధుమరంగు జిగురుగా మారి సూక్ష్మజీవులకు నెలవవుతుంది. పూర్తిగా విప్పి కడగడానికి వీలయ్యే మూడు ముక్కల వాల్వే అడగండి.

కెటిల్ రాగానే, వాపసు గడువు ఉండగానే, పెట్టె విప్పడం నుంచి వీడియో తీస్తూ ఈ పరీక్ష చేయండి. సబ్బుతో కడిగి మెరుగు నూనె వదిలించాక, కొలిచిన నీళ్లు పోసి ప్రతి గీతనూ సరిచూసుకోండి. తర్వాత గంటసేపు గట్టిగా మరిగించి, నట్టు కింద తెల్ల కాగితం ఒత్తి తడి అంటుతుందేమో చూడండి. నీళ్లు వంపేసి, తుడవకుండా ఒక రాత్రి వదిలేసి, మర్నాడు కుళాయి విప్పి రంధ్రం అంచునూ, అతుకులనూ టార్చి వెలుగులో పరిశీలించండి. నాసిరకం లోహమైతే అక్కడే తుప్పు మరకలు తేలే అవకాశం ఎక్కువ. అప్పటిదాకా పెట్టెనూ, లోపలి అట్టలనూ పారేయకండి. డబ్బు కట్టే ముందే ప్రకటన పేజీ మొత్తాన్ని ఫొటోలుగా దాచుకోండి, ఎందుకంటే నేను ఫిర్యాదు పంపిన తర్వాత ఆ ప్రకటనలో 304 అన్న అంకె మాయమై, దాని స్థానంలో ‘నాణ్యమైన స్టీలు’ అన్న మాట వచ్చి చేరింది.