నెలవారీ లెన్సులు, మళ్లీ మళ్లీ వచ్చే దురద: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నెల నెలా మార్చే సిలికాన్ హైడ్రోజెల్ (సిలికాన్ కలిసిన మెత్తటి పదార్థం) కాంటాక్ట్ లెన్సులు కొన్నేళ్లు వాడాను. చూపు విషయంలో వాటికి వంక పెట్టడానికి లేదు. సిలికాన్ వల్ల నల్లగుడ్డుకు ఆక్సిజన్ బాగా అందుతుంది కాబట్టి, పాతరకం హైడ్రోజెల్ లెన్సులతో సాయంత్రానికల్లా వచ్చే ఎరుపు వీటితో బాగా తగ్గింది. తగ్గనిది దురద ఒక్కటే. కొన్నాళ్లు హాయిగా ఉండేది, మళ్లీ మొదలయ్యేది. కంపెనీ మార్చినా వచ్చింది. చుక్కల మందు వేస్తే పోయి, ఆపగానే తిరిగొచ్చింది. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా దురద గురించే రాస్తున్నాను. లెన్సులు మానేసేవాళ్లలో చాలామంది చూపు సరిగ్గా లేక మానేయరు, కళ్లలో ఇబ్బంది భరించలేక మానేస్తారు.

కంటి డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ చాలా విలువైనదిగా అనిపిస్తుంది: "దురద ఎప్పుడొస్తోంది? పెట్టుకోగానేనా, సాయంత్రమా, తీసేశాకా?" నాకు తీసేశాక వచ్చేది. లెన్స్ బయటికి వచ్చిన కాసేపటికే పై రెప్ప లోపల, నులమకుండా ఉండలేనంత దురద. పొద్దున లేచేసరికి కంటి మూలల్లో తీగలా సాగే పుసి. రెప్ప వేసినప్పుడల్లా లెన్స్ కొంచెం పైకి జరుగుతున్నట్టు ఉండేది. డాక్టర్ పై రెప్పను తిరగేసి చూసి, లోపలి పొర నిండా చిన్న చిన్న బొడిపెలు లేచాయని చెప్పారు. దీన్ని పాపిల్లరీ కంజంక్టివైటిస్ అంటారు. బొడిపెలు బాగా పెద్దవైతే పేరు ముందు 'జెయింట్' చేరుతుంది. రెప్ప తిరగేసి చూస్తే తప్ప ఇది దొరకదు. బయటి నుంచి చూస్తే నా కళ్లు దాదాపు మామూలుగానే ఉండేవి.

ఇది ఎందుకొస్తుందో తెలిశాక లెన్స్ విషయంలో నా ఆలోచనే మారిపోయింది. కన్నీళ్లలో లైసోజైమ్ లాంటి ప్రొటీన్లు, కొవ్వు పదార్థాలు ఉంటాయి. లెన్స్ పాతబడేకొద్దీ అవి దాని మీద పేరుకుంటాయి. సిలికాన్ లెన్సుకు ప్రొటీన్ తక్కువే అంటుతుంది, కానీ అంటినది తన రూపు కోల్పోతుంది. అలా రూపు మారిన ప్రొటీన్‌ను శరీరం పరాయి పదార్థంగా చూసి ఎదురుతిరుగుతుంది. దానికి తోడు రాపిడి ఒకటి. సిలికాన్ లెన్స్ పాతరకం వాటికంటే కొంచెం గట్టిగా ఉంటుంది. మనం నిమిషానికి పది పదిహేను సార్లు రెప్ప వేస్తాం, ప్రతిసారీ రెప్ప లోపలి పొర ఆ పూత మీద, ఆ అంచు మీద రాసుకుంటుంది. నెల చివరి వారంలో దురద ముదిరి, కొత్త జత పెట్టగానే ఎందుకు నెమ్మదించేదో అప్పుడు అర్థమైంది. మీకూ అలాగే జరుగుతుంటే ముందు అనుమానించాల్సింది లెన్స్ వయసునే.

డాక్టర్ దగ్గరికి వెళ్లకముందు సొల్యూషన్ మార్చి చూశాను. దాని గురించీ చెప్పాలి. కడగడానికీ నానబెట్టడానికీ ఒకే సీసా వాడే మల్టీపర్పస్ సొల్యూషన్లలో క్రిములను చంపే ప్రిజర్వేటివ్‌లు ఉంటాయి. కొందరి కళ్లకు అవి పడవు. అప్పుడు లెన్స్ పెట్టుకోగానే మంట, ఎరుపు కనిపిస్తాయి. నాకూ ఆ మంట కొంత ఉండేది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సొల్యూషన్‌కు మారాక అది పూర్తిగా పోయింది, లెన్సులు కూడా చాలా శుభ్రంగా అనిపించాయి. శుభ్రత విషయంలో నేను వాడినవాటిలో ఇదే మేలు. కాకపోతే దాంతో వచ్చే ప్రత్యేకమైన డబ్బాలోనే నానబెట్టాలి. అందులోని ప్లాటినం పూత ఉన్న బిళ్ల పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా మార్చడానికి కనీసం 6 గంటలు పడుతుంది. మామూలు సొల్యూషన్ అనుకుని నేరుగా కంట్లో వేసుకుంటే నల్లగుడ్డు కాలినంత పని అవుతుంది. ఇంట్లో ఇంకెవరైనా లెన్సులు వాడుతుంటే ఆ సీసా విడిగా పెట్టండి. అయితే అప్పటికే లేచిన బొడిపెల దురదను ఇది తగ్గించలేకపోయింది.

అవి తగ్గింది కొన్ని వారాలు లెన్సులు పూర్తిగా మానేసి, కళ్లద్దాలతో గడిపి, డాక్టర్ రాసిన అలర్జీ చుక్కలు వేసుకున్నాకే. తర్వాత రోజువారీ లెన్సులకు మారాను. పొద్దున కొత్తది, రాత్రికి చెత్తబుట్టలోకి. పూత పేరుకునేంత సమయమే ఉండదు, సొల్యూషన్, డబ్బా గొడవ లేదు. లోపాలూ ఉన్నాయి. పలుచగా ఉండి వేలి మీద ముడుచుకుపోతాయి, ఖర్చెక్కువ, చెత్త పెరుగుతుంది, ఎక్కువ సిలిండర్ పవర్ (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు వాడే పవర్) ఉన్నవాళ్లకు అన్ని నంబర్లూ దొరకవు. అయినా దురద విషయంలో తేడా ఎంతంటే, నేను మళ్లీ నెలవారీ వాటికి వెళ్లను.

పుప్పొడి, దుమ్ము ఎక్కువగా ఉండే రోజుల్లో మాత్రం ఇప్పటికీ కొంచెం దురద వస్తుంది. తుమ్ములు, ముక్కు కారడం తోడుంటే అది లెన్స్ తప్పు కాదు, అలర్జీ. ఓలోపటడిన్, కీటోటిఫెన్ లాంటి చుక్కలు పనిచేస్తాయి. అయితే లెన్స్ తీసి, చుక్కలు వేసుకుని, కనీసం పది పదిహేను నిమిషాలు ఆగి పెట్టుకోవాలి. చాలా చుక్కల మందుల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్‌ను మెత్తటి లెన్స్ పీల్చుకుని, మెల్లగా కంట్లోకి వదులుతుంది.

సాయంత్రం స్క్రీన్ ముందు నలక పడ్డట్టు గరగరలాడితే అది ఎక్కువగా కళ్లు పొడిబారడమే. రెప్పవెంట్రుకల మొదళ్లలో దురద, పొట్టు ఉంటే రెప్పల అంచుల వాపు కావచ్చు. దానికి గోరువెచ్చని కాపడం, రెప్పల అంచులు శుభ్రం చేసుకోవడం ఉపయోగపడతాయి.

ఏ దురదైనా సరే, కళ్లు గట్టిగా నులుముకోకండి. ఏళ్ల తరబడి నులిమితే నల్లగుడ్డు పలుచబడి శంకువులా ముందుకు వచ్చే కెరటోకోనస్ ముప్పు పెరుగుతుంది. లెన్స్‌ను, డబ్బాను కుళాయి నీళ్లతో కడగకండి, ఆ నీళ్లలో ఉండగల అకాంథమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డును తినేస్తుంది. దురదకు బదులు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం మొదలైతే వెంటనే లెన్స్ తీసేసి అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

నెలవారీ లెన్సులు కొనొద్దని అనను. కళ్లు బాగా తడిగా ఉండి, అలర్జీ లేనివాళ్లకు, పెరాక్సైడ్‌తో శుభ్రం చేసే ఓపిక ఉన్నవాళ్లకు అవి మంచివే. లెన్స్ తీశాక పై రెప్ప దురదపెట్టేవాళ్లు మాత్రం ఇంకో నెల జత కొనేముందు ఒకసారి రెప్ప తిరగేసి చూడమని డాక్టర్‌ను అడగండి.